దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులుగారు

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న పల్లపు నేలలో కొల్లేరు సరస్సు ఏర్పడినది. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులు తమ నీటిని అందు చేర్చును. ఆ నీరు ఉప్పుటేరు మార్గమున సముద్రమును కలియును. సరస్సునకు ఉత్తరమున ఏలూరు, ఈశాన్యమున తాడేపల్లిగూడెము, నైరుతి దిశను గుడివాడ, పామర్రు ప్రాంతములు ఉన్నవి. ఈ పట్టణములలో ఏ ఇంటి వృద్ధులనైనను తలనొప్పికి మందేదని అడిగినచో, వారిలో పలువురు చెప్పు పేరు అమృతాంజనము. ఆ లేపనమును తయారుచేసి దేశమంతట వ్యాపింపజేసిన మహనీయుడు ఈ కొల్లేటి సీమకు చేరువనే, పామర్రు ప్రాంతపు పల్లెలో జన్మించిన తెలుగువాడు. ఆయనయే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

ధనము సంపాదించినవారు లోకమున పెక్కుమంది కలరు. సంపాదించిన ధనముతో మంచిపేరును కూడ సంపాదించినవారు కొలదిమందియే. అట్టి పేరు ఎట్లు కలుగును? అది కొనుటకు దొరకునా? పంతులుగారి జీవితము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము.

నాగేశ్వరరావు పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన కృష్ణా మండలమందలి పెసర్రమిల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. ఆ నాటికి బెజవాడకడ కృష్ణానదిపై ఆనకట్ట వెలసి పండ్రెండేండ్లు గడచినవి. కాలువల నీటితో పొలములు పచ్చబడుచుండెను. అయినను పల్లెలలో చదువు అంతగా వ్యాపింపలేదు. పంతులుగారు స్వగ్రామమగు ఎలకుర్రులో ప్రాథమిక విద్య ముగించి, పిమ్మట బందరులో చదివిరి. ఆ దినములలో కందుకూరి వీరేశలింగముగారి వివేకవర్ధని పత్రికలోని వ్యాసములు ఆయన మనస్సునకు హత్తుకొనినవి. ఒక పత్రిక ఎందరి మనస్సులను మేల్కొల్పగలదో ఆయనకు బాల్యముననే తెలిసెను. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, 1891లో పట్టభద్రులైరి.

ఆ కాలమున పట్టభద్రుడైన యువకునకు ప్రభుత్వోద్యోగము సులభముగా లభించుచుండెను. ఉద్యోగమనగా నెలనెలకు జీతము, సంఘములో గౌరవము, చివర పింఛను. తల్లిదండ్రులు కోరునదియు అదియే. పంతులుగారు మాత్రము ఆ త్రోవను తొక్కలేదు. స్వతంత్రముగా వ్యాపారము చేయవలెనని ఆయన సంకల్పము. కలకత్తాకు పోయి కొంతకాలము ఔషధ వ్యాపారపు మెలకువలు నేర్చిరి. పిమ్మట బొంబాయి చేరి ఒక కంపెనీలో పనిచేసిరి. బంధువులు లేని నగరము, పరాయి భాష, చేతిలో పెట్టుబడి స్వల్పము. అయినను ఆయన వెనుదీయలేదు.

1893లో బొంబాయిలో పంతులుగారు అమృతాంజనమును తయారుచేయ నారంభించిరి. కర్పూరము, పుదీనాపువ్వు వంటి ద్రవ్యములు చేర్చి చేసిన పసుపుపచ్చని లేపనమది. నుదుట రాచుకొన్నచో తలనొప్పి, కీళ్లపై రాచుకొన్నచో నొప్పులు ఉపశమించునని జనులు దానిని వాడసాగిరి. మొదట ఒక సీసా వెల పదియణాలు. ఆ దినములలో పదియణాలు చిన్న మొత్తము కాదు. కూలివానికి అది కొన్ని దినముల సంపాదన.

విద్యార్థులారా! ఇచట ఒక విషయమును గమనింపుడు. బియ్యము కొనువాడు గింజను చేతిలోనికి తీసికొని చూడగలడు. బట్ట కొనువాడు నేతను తడవి చూడగలడు. మందు కొనువాడు సీసాలో ఏమున్నదో చూచి తెలిసికొనలేడు. అమ్మువాని మాటను నమ్మి కొనవలసినదే. మందుల నాణ్యమును అదుపుచేయు చట్టము మనదేశమున 1940లో గాని రాలేదు. కావున 1893లో మోసగాడు సీసాలో ఏది నింపి అమ్మినను అడిగెడివారు అరుదు. అట్టి కాలమున మందుల వ్యాపారికి పెట్టుబడి కంటె విలువైనది నమ్మకము. ఒకసారి కొన్నవాడు రెండవసారి కొనుటకు వచ్చెనా, ఆ మందు మంచిదన్నమాట. అతడు పొరుగువానికి చెప్పెనా, ఆ కంపెనీకి పేరు వచ్చినదన్నమాట. అమృతాంజనమును కొన్నవారు మరల కొనిరి. పేరు మెల్లమెల్లగా పెరిగినది.

అయితే మంచి వస్తువు ఉన్నదని జనులకు తెలియవలెను గదా! పంతులుగారు అందుకొక ఉపాయము పన్నిరి. సంగీత కచేరీలు జరుగుచోట వచ్చినవారికి అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టించిరి. కచేరీకి వందలకొలది జనులు చేరుదురు. రాత్రి ప్రొద్దుపోవువరకు కూర్చుందురు. తల బరువెక్కినవానికి ఆ లేపనపు గుణము వెంటనే తెలియును. ఈ విధముగా అమృతాంజనము ఇంటింట ప్రవేశించినది.

దీనిని మనము దానమని పొగడరాదు. ఇది వ్యాపారపు నేర్పు. చేనికి విత్తనము చల్లు రైతు దానము చేయుచున్నాడని ఎవరందురు? పంట కొరకే చల్లుచున్నాడు. అందు తప్పులేదు. కాని విత్తుటను దానమని చెప్పుకొన్నచో అది తప్పగును. పంతులుగారి నిజమైన దానము వేరుగా ఉన్నది. పంట చేతికి వచ్చిన పిమ్మట దానిని ఏమి చేసిరన్నదే ఆయన గొప్పతనము.

వ్యాపారము వృద్ధిపొంది పంతులుగారు లక్షాధికారులైరి. ఆ కాలమున బొంబాయి నగరముననే జంషెడ్జీ టాటా అను గొప్ప పారిశ్రామికుడు ఉండెను. దేశమున ఉన్నత విజ్ఞానశాస్త్ర విద్యాలయము ఒకటి వెలయవలెనని తలచి ఆయన తన ఆస్తిలో పెద్దభాగము అందుకై కేటాయించెను. ఆయన 1904లో మరణించెను. ఆయన కోరిక 1909లో బెంగుళూరున భారత విజ్ఞానశాస్త్ర సంస్థగా ఫలించెను. కర్మాగారము యజమానిది కావచ్చును, దాని లాభములో దేశమునకు భాగమున్నదను భావము అప్పుడప్పుడే మనదేశపు వర్తకులలో మొలకెత్తుచుండెను. పంతులుగారు ఆ భావమును తెలుగుదేశమునకు తెచ్చిరి.

1907లో సూరతు నగరమున కాంగ్రెసు మహాసభ జరిగినది. మితవాదులకును అతివాదులకును పొత్తు కుదరక ఆ సభ భగ్నమయ్యెను. పంతులుగారు ఆ సభకు వెళ్లిరి. దేశమున ఇంత సంచలనము జరుగుచుండగా తెలుగువారికి తమ భాషలో ఆ వార్తలు తెలుపు మంచి పత్రిక కావలెనని ఆయనకు తోచినది. తోచుటయే తడవుగా 1908 సెప్టెంబరులో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. మరాఠీ, గుజరాతీ మాటలాడు నగరములో తెలుగు అక్షరములు కూర్చి, అచ్చువేసి, వందలకొలది మైళ్ల దూరమున నున్న చందాదారులకు పంపుట ఎంత శ్రమయో ఊహింపుడు. ఏటేట ఉగాదికి వెలువడిన సంచికలు పండితుల వ్యాసములతోను, చిత్రములతోను విలసిల్లి ఇంటింట దాచుకొనదగినవిగా ఉండెను.

1914లో పంతులుగారు పత్రికను మద్రాసునకు తరలించి, ఏప్రిల్ 1వ తేదీనుండి దినపత్రికగా వెలువరించిరి. కొలది నెలలకే ఐరోపాలో మహాయుద్ధము ఆరంభమయ్యెను. యుద్ధవార్తలు తెలుగులో ఏ రోజుకారోజు చదువు అవకాశము తెలుగువారికి లభించెను. అప్పటికి మద్రాసు, కలకత్తాల నడుమ రైలుమార్గము ఏర్పడి యుండెను. బెజవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెము ఆ మార్గముననే ఉన్నవి. ఇంగ్లీషు రానివాడు కూడ లోకమున ఏమి జరుగుచున్నదో తన భాషలో తెలిసికొనగలిగెను. చదువు రానివానికి చదువు వచ్చినవాడు చదివి వినిపించుచుండెను.

పత్రిక నడుపుటకు కాగితము, సిరా, యంత్రములు, పనివారు కావలెను. చందాలతో ఆ ఖర్చులన్నియు గడచుట కష్టము. ఆ లోటును పూడ్చినది అమృతాంజనపు లాభము. తలనొప్పి మందు అమ్మగా వచ్చిన రూపాయి అజ్ఞానమను నొప్పికి మందైనది. పంతులుగారు అంతటితో ఆగలేదు. 1924 జనవరిలో భారతి అను సాహిత్య మాసపత్రికను స్థాపించిరి. చరిత్ర, శాసనములు, భాష, కవిత్వము మున్నగు విషయములపై గొప్ప పండితులు అందు వ్రాసిరి. 1926లో ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పి, ప్రాచీన గ్రంథములను, నూతన గ్రంథములను చక్కగా అచ్చువేయించి, సామాన్యులకు అందుబాటులో నుండు స్వల్పపు వెలకు అమ్మించిరి. తాళపత్రములలో మూలబడియున్న పుస్తకములు గ్రంథాలయముల అలమారులలోనికి వచ్చినవి. పల్లెలలో గ్రంథాలయములు స్థాపించినవారికి ఆయన చేయూత నిచ్చిరి.

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తెలుగున విజ్ఞానసర్వస్వమును రచింప పూనుకొని, ఆ పని పూర్తికాకుండగనే 1923లో స్వర్గస్థులైరి. సకల శాస్త్రముల సారమును అకారాది క్రమమున తెలుగులో నిలుపు ఆ మహాకార్యము అట్లే నిలిచిపోవలసినది. పంతులుగారు దానిని మరల చేపట్టి, పండితులను సమకూర్చి, వ్యయమునకు వెనుదీయక సంపుటములను వెలువరించిరి. ఇట్టి గ్రంథమువలన వెంటనే లాభము రాదని వ్యాపారియగు ఆయనకు తెలియనిది కాదు. తెలిసియే చేసిరి.

ఇంతవరకు పంతులుగారు ఇచ్చినది ధనము. ధనము కలవాడు ధనమిచ్చుట కష్టమే అయినను అసాధ్యము కాదు. ఇక ఆయన ఒడ్డినది ఎట్టిదో చూడుడు. 1910లో వచ్చిన ముద్రణ చట్టము ప్రకారము ప్రభుత్వము పత్రికలనుండి ధరావతు అడుగవచ్చును. వ్రాతలు తనకు నచ్చనిచో ఆ ధరావతును జప్తు చేయవచ్చును. కావున ప్రభుత్వమును విమర్శించు పత్రికను నడుపువాడు నిప్పుతో చెలగాటమాడువాడే. వ్యాపారస్థులు సాధారణముగా దొరతనమువారి దయను కోరుదురు. దొరల కోపము వచ్చినచో వ్యాపారము చెడునని భయపడుదురు. పంతులుగారికి గొప్ప వ్యాపారమున్నది, అనగా పోగొట్టుకొనుటకు ఎంతో ఉన్నది. అయినను ఆయన కాంగ్రెసులో చేరి, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు పెక్కేండ్లు అధ్యక్షులుగా ఉండిరి. గాంధీ మహాత్ముడు ఉప్పు సత్యాగ్రహమును ప్రారంభింపగా, అరువదేండ్లు దాటిన వయస్సున అందు పాల్గొని కారాగారమునకు వెళ్లిరి. ఆ చెరసాలలో కూడ ఆయన కాలమును వ్యర్థము చేయక భగవద్గీతకు వ్యాఖ్య రచించిరి.

పత్రికలు, గ్రంథములు, దానములు అన్నియు తన మందునకు ప్రచారము కొరకే చేసిరని ఎవరైన అనవచ్చును. పత్రిక వలన కంపెనీ పేరు మరింత వ్యాపించి యుండవచ్చును. అది నిజమే. కాని ప్రచారము మాత్రమే కోరినవాడు చెరసాలకు పోడు. లాభము రాని విజ్ఞానసర్వస్వమును చేపట్టడు. పేరు కొరకు పనిచేయువాడు నష్టము కనబడగానే ఆగిపోవును. పని కొరకు పనిచేయువాడు నష్టమునందును నిలుచును. వారిరువురను వేరుచేసి చూపు పరీక్ష ఇదియే.

పంతులుగారి ఇంటికి వచ్చిన పేద విద్యార్థులకును, కవులకును, సంస్థలకును లభించిన సహాయము ఇంతింతనరానిది. ఆంధ్రులు ఆయనను విశ్వదాత యనిరి, దేశోద్ధారకుడనిరి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలెనను ఉద్యమమునకు ఆయన అండయై నిలిచిరి. 1937 నవంబరు 16వ తేదీన కోస్తా జిల్లాల నాయకులును, రాయలసీమ నాయకులును మద్రాసులో ఆయన గృహమగు శ్రీబాగులోనే కూడి, తమ అనుమానములు తీర్చుకొని ఒడంబడిక చేసికొనిరి. అది శ్రీబాగు ఒడంబడికగా చరిత్రలో నిలిచినది. ఇరుపక్షములవారును ఆ గృహమున కూర్చుండుటకు సమ్మతించిరి. ఆ గృహస్థుని పేరునకు గల విలువ అట్టిది.

1936లో అమృతాంజనము సంస్థ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారినది. అనగా పలువురు వాటాలు కొని అందు భాగస్వాములు కావచ్చును, లెక్కలు అందరియెదుట పెట్టవలెను. రెండేండ్లకు, 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు దివంగతులైరి. ఆయన కోరిన ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన అవతరించినది. దానిని చూచుటకు ఆయన లేరు. ఆయన అల్లుడగు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికలను, సంస్థను సమర్థతతో నడపిరి. ఆంధ్రపత్రిక 1991 వరకు వెలువడినది. అమృతాంజనము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. మద్రాసు మైలాపూరులో ఒక ఉద్యానవనము నాగేశ్వరరావు పంతులుగారి పేరుతో నేటికిని పచ్చగా ఉన్నది.

పంతులుగారికి ఇంత ఇమ్మని ఏ చట్టమును చెప్పలేదు. నేడు అట్టి చట్టమొకటి ఉన్నది. 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ విభాగము ప్రకారము 500 కోట్ల రూపాయల నికర ఆస్తిగాని, 1000 కోట్ల వ్యాపారముగాని, 5 కోట్ల నికర లాభముగాని గల కంపెనీలు తమ గత మూడేండ్ల సగటు నికర లాభములో కనీసము నూటికి రెండు వంతులు విద్య, ఆరోగ్యము, పర్యావరణము మున్నగు ప్రజాహిత కార్యములకు వెచ్చింపవలెను. కంపెనీ పనిచేయు చుట్టుప్రక్కల ప్రాంతములకు మొదట ప్రాధాన్యమీయవలెను. సాధారణ వ్యాపారములో భాగముగా చేయు పనులు ఈ లెక్కలోనికి రావు. కచేరీలలో పంచిన అమృతాంజనము అందు చేరదు, లాభాపేక్ష లేక స్థాపించిన గ్రంథాలయము చేరును. ఈ విభాగము 2014 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. సరిగా నూరేండ్ల క్రిందట అదే దినమున ఆంధ్రపత్రిక దినపత్రికయై వెలువడినది.

చట్టము చేయించు దానము మంచిదే. దానివలన పాఠశాలలకు గదులు, పల్లెలకు మంచినీరు సమకూరుచున్నవి. కాని దానము ఎన్నడును తప్పునకు కప్పు కారాదు. మన కొల్లేటినే చూడుడు. 1999లో అది అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలలలో ఒకటిగా గుర్తింపబడినది. దూరదేశములనుండి వలస వచ్చు పక్షులు అచట దిగును. ఆ సరస్సులోనికి పోవు కాలువలలో ఒక కర్మాగారము మురికినీటిని వదలుచు, అదే యూరి పాఠశాలకు బల్లలు దానము చేసెననుకొనుడు. బల్లలపై కంపెనీ పేరు వ్రాయబడియుండును. కాని చచ్చి తేలిన చేపలను చూచిన జాలరి ఆ పేరును ఏ విధముగా తలచును? బల్లల వెలను లెక్కకట్టవచ్చును, చెడిన నీటి వెలను ఎవరు కట్టగలరు?

పంతులుగారి జీవితమున క్రమము వేరు. మొదట మంచి వస్తువు చేసిరి. దానిని నిజాయితీగా అమ్మిరి. తరువాత లాభమును జనులకు పంచిరి. కష్టము వచ్చినపుడు ఆ జనుల పక్షమున నిలిచిరి. ఈ మెట్లలో ఏ ఒకటి తప్పినను మంచిపేరు నిలువదు. మీలో కొందరు పెద్దవారై అంగడి పెట్టుదురు, కొందరు కర్మాగారములు స్థాపింతురు, పలువురు కంపెనీలలో ఉద్యోగములు చేయుదురు. అందరును ఏదో ఒక వస్తువు కొనుచునే ఉందురు. ఒక కంపెనీ గొప్పదని వినినపుడు అది ఏమి ఇచ్చుచున్నదని మాత్రమే అడుగక, అది ఏమి అమ్ముచున్నది, ఎట్లు అమ్ముచున్నది, తన చుట్టునున్న నేలను నీటిని ఎట్లు చూచుచున్నది అని కూడ అడుగుడు. ఈ ప్రశ్నలన్నిటికి వెరవక సమాధానము చెప్పగల సంస్థకు కీర్తి తనంత తానే వచ్చును.